ఆకుపచ్చ ఏనుగుల అంతయ్య గారు

1994వ సంవత్సరం జూన్ 13వ తేదీన, ఆలూరు గ్రామ రైతు కుటుంబం నుండి వచ్చిన శ్రీ అంతయ్య గారు మొయినాబాద్‌లోని మన శిక్షణ కేంద్రంలో ఉద్యాన సహాయకులుగా చేరారు. ఆనాడు ఇక్కడ ఉద్యానవనం లేదు. ఉన్నవల్లా రాళ్లూ, సర్కారు తుమ్మలూ. నేడు పర్యవేక్షకులుగా వారు పదవీ విరమణ చేస్తున్న వేళ, వారి కత్తెర కింద రూపుదిద్దుకున్న నెమళ్లూ, గొడుగులూ, తోరణాలూ ప్రాంగణమంతటా శోభిల్లుతున్నాయి. ఇందులో అతిశయోక్తి లేదు. అనుమానమున్నవారు వచ్చి చూడవచ్చు.

చేరిన కొత్తలోనే ప్రధాన ద్వారానికి ఇరువైపులా ఫైకస్ మొక్కలు నాటి, ఇనుప చువ్వల చట్రం మీదుగా కొమ్మలను వంచి కట్టి, రెండు ఏనుగులను తీర్చిదిద్దే బృహత్కార్యానికి వారు పూనుకున్నారు. తొలినాళ్లలో వాటిని చూసి పందులనుకున్న అతిథులు లేకపోలేదు. అంతయ్య గారు నొచ్చుకోలేదు. క్రమేణా తొండాలు లేచాయి. చేవెళ్ల నుండి కొత్త పెళ్లిజంటలు వచ్చి వాటి ముందు ఫోటోలు దిగడం ఆనవాయితీ అయింది. కత్తెర పట్టే ముందు రోడ్డు అవతలికి వెళ్లి, బస్సులో పోయేవారి కంటికి ఏనుగు ఎలా కనబడుతుందో చూసి రావడం వారి పద్ధతి. మమ్మల్నీ అక్కడ నిలబెట్టి అడిగేవారు. ఎండలో నిలబడి చెవి పెద్దదా చిన్నదా అని తీర్పు చెప్పే భాగ్యం అకౌంట్స్ విభాగానికి కూడా తప్పలేదు.

గత సంవత్సరం రోడ్డు విస్తరణ కారణంగా ప్రహరీ వెనక్కి జరపవలసి వచ్చింది. ఏనుగులను తొలగించి ఫైబర్ బొమ్మలు నిలపాలని యాజమాన్యం దాదాపు నిశ్చయించింది. అప్పుడు సంచాలకులు రామేశ్వర్ గారి గదిలో అంతయ్య గారు అన్న మాట నేను స్వయంగా విన్నాను.

"సార్, వాటిని నేను లోపలికి జరుపుత. బతుకుతయి. కానీ ఏనుగులైతె ఉండయి."

సంచాలకులు ఒప్పుకున్నారు. ఆ మాటకు అర్థం మరునాడు తెలిసింది. వేళ్లు తెగిన చెట్టు అంత ఆకును మోయలేదు గనుక, ఏళ్ల తరబడి దిద్దిన తొండాలనూ, చెవులనూ, వీపులనూ తమ చేతులతోనే నరికి, మోడులు చేసి, వేరుమట్టితో సహా లోపల నాటించారు. భోజనం తెచ్చిన వారి ధర్మపత్ని లక్ష్మమ్మ గారు అక్కడే నిలబడిపోయారు.

"గిదేంది, మొత్తం కొట్టేసినవ్?"

"పానం దక్కాలె గద" అన్నారు వారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

వేసవి గడిచినా ఒక్క చిగురు రాలేదు. అవి బతికాయో లేదో తెలియకుండానే వెళ్లిపోవలసి వస్తుందేమోనని వారి దిగులు. తొలకరి పడ్డాక రెండూ చిగురించాయి. ఇప్పుడవి ఏ జంతువునూ పోలని గుబురు పొదలు. బాధ్యతలు స్వీకరిస్తున్న నవత గారు, మళ్లీ ఏనుగులనే నిలబెడతానని మాట ఇవ్వబోయారు. అంతయ్య గారు వారించారు.

"ఏనుగులే గావాల్నని నేననలే బిడ్డా. కొమ్మ ఎటు సాగుతదో చూడు. నీ చేతికి ఏదొస్తే గది చెయ్యి."

తాము పెంచిన దానిని ఇంత నిండు మనసుతో మరొకరి చేతికి అప్పగించగల వ్యక్తితో కలిసి పనిచేసినందుకు మేమందరం గర్విస్తున్నాము. ఆ పొదలకు రూపం రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అది ఏ రూపమో నవత గారికీ తెలియదు, మాకూ తెలియదు. దానిని కన్నులారా చూసే వరకూ, చూసిన పిమ్మట మరెంతో కాలం వరకూ, శ్రీ అంతయ్య దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.

– వేణుమాధవ్, కార్యాలయ పర్యవేక్షకులు