ఆ దేశంలో గూకని పొద్దు

1942 ఆషాఢం. పాకాల రైల్వే క్వార్టర్సులోని ఒక వంటింట్లో, రెండు రోజులుగా అన్నం ముట్టని చెల్లెలి ఎదుట అన్న కూర్చున్నాడు. ఆమె భర్త ఉత్తరధ్రువం దగ్గరి సముద్రం మీదుగా రష్యాకు యుద్ధసామగ్రి చేరవేసే ఓడలో పనివాడు.

“సంగటి తినుమే. పొద్దు గూకి శానాసేపాయ.”

“ఈడ గూకింది. ఆయప్ప ఉండేకాడ గూకినాకనే తింటానని మొక్కుకున్నా.”

“ఆడ ఇప్పుడు గూకదు. ఇట్ల సూడు. ఈ ముద్ద భూమి, పొయ్యి సూర్యుడు. ముద్దను మంట పక్కకు రవంత వంచి తిప్పుతా. నడుమ ఉండే మనకు వెలుగూ వస్తాది, నీడా వస్తాది. పైకొన మాత్రం ఎంత తిప్పినా మంటకెదురుగానే ఉండాది. ఆయప్ప ఆ కొనకాడ ఉండాడు. శ్రావణందాకా పస్తుంటే సస్తావు.”

“అంటే రేయింబగలూ వెలుతురేనా?”

“అవును.”

“జర్మనీ విమానాలకు ఓడ ఎప్పుడూ కనపడతానే ఉంటాది గదా అన్నా.”

అన్న ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టాడు.

“చెప్పన్నా.”

“కనపడతాది.”

“మరి చీకటెప్పుడు?”

“కార్తీకానికి భూమి వంగింది వంగినట్లే సూర్యుడి అవతలి పక్కకు పోతాది. అప్పుడు కొన నీడలో పడతాది. ఆడ పగలే ఉండదు.”

“అయితే సంగటి ఇట్లియ్యి. అందాకా చీకటికోసరం మొక్కాలంటే ఒంట్లో సత్తువ ఉండాల.”