జివోయిన్ బాగుచేసిన టీవీ

ఆ రోజు దేసంకా పోయి నలభయ్యో రోజు. సమాధి దగ్గర ప్రార్థన అయింది, ఉడికించిన గోధుమలు తలా ఓ చెంచాడు తిన్నారు. ఇప్పుడు అందరూ పెరట్లో ద్రాక్షపందిరి కింద బల్ల చుట్టూ చేరి, తొలి చుక్క పోయినామె పేర నేల మీద ఒంపి, గ్లాసూ గ్లాసూ తగలకుండా రాకియా అనే పళ్ల సారా తాగుతున్నారు. అంతలోనే దేసంకా మొగుడు జివోయిన్ కోతలు మొదలుపెట్టేశాడు. దేసంకా చెల్లెలు స్మిల్యా ప్లేట్లు సర్దుతూ వింటోంది. ఇవాళైనా ఈయన నోటికి మూత పడదా అని ఆమెకి ఒళ్లు మండింది.

జివోయిన్ జన్మంతా డాన్యూబ్ నది నావల మీద వంట చేశాడు. చేత్తో గరిటె పట్టాడే గాని స్క్రూడ్రైవర్ పట్టి ఎరగడు.

"నడిచలికాలంలో టీవీ చచ్చింది. ఎర్ర లైటు కూడా లేదు. రోడ్డంతా మంచు, మెకానిక్ రానన్నాడు. రాకపోతే పో అన్నాను. ముందు గోడలో కరెంటు ఉందో లేదో చూశాను, ఉంది. వెనక మూత విప్పితే ఫ్యూజు మాడి నల్లబడింది, పక్కన కెపాసిటర్ పొంగిన రొట్టెలా తల ఉబ్బించుక్కూర్చుంది. అదే దొంగ అని చూడగానే పట్టేశాను. ప్లగ్గు పీకేసినా దాని కడుపులో కరెంటు దాక్కునే ఉంటుందర్రా, అది తెలిసినవాడికే తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎగిరిపడి ఉంటావు," అన్నాడు పక్కింటి మిలుటిన్.

"నేనా, పడటమా? నేను నిలబడ్డచోటే ఉన్నాను, ఇల్లే జానెడు పక్కకి జరిగింది. అప్పుడు లేచిన మెరుపు వెలుగుకి అవతలి ఒడ్డున రొమేనియా కోళ్లు తెల్లారిందని కూశాయి. నదిలో పోయే నావ ఒకటి దీపస్తంభం అనుకుని మన ఒడ్డుకొచ్చేసింది. చేపల పులుసు పెట్టి పంపించాను."

ఇంతవరకు వచ్చాక జివోయిన్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు. పాత రేడియోలోంచి కెపాసిటర్ పీకి అతికించాడట. ఊరంతా కరెంటు పోయినా, ప్లగ్గు పీకేసినా టీవీ ఆగలేదట. పైగా రేపటి ఎపిసోడ్ ఇవాళే వచ్చేదట.

"మరి లాటరీ నంబరు చూసుకోలేకపోయావా అన్నా?" అన్నాడు మిలుటిన్.

"చూద్దామనే అనుకున్నాను. మీ వదిన సీరియల్ మార్చనిస్తేనా."

అందరూ నవ్వారు. స్మిల్యాకి నవ్వు రాలేదు. బావ టీవీ విప్పిన రోజు టార్చి పట్టుకున్నది తనే. ఆన్ చేయగానే ఠప్‌మని పేలి కొత్త ఫ్యూజు కూడా పోయింది, మళ్లీ ఆ టీవీ వెలగలేదు. మంచం పట్టిన అక్కకి ఉన్నది ఒక్కటే కోరిక, సీరియల్లో కథానాయిక పెళ్లి చూడాలని. మొగుడు ఆ ఒక్కటీ తీర్చలేకపోయాడు. సాయంత్రమయ్యేసరికి నల్లటి తెర పక్కన కూర్చుని, ఆడగొంతూ మగగొంతూ పెట్టి తనే ఆ సీరియల్ కథ అల్లి చెప్పేవాడు. ఇప్పుడు ఈ పదిమందీ అవునంటే, ఆ టీవీ నిజంగానే వెలిగినట్టవుతుందని ఆయన ఆశ.

"ఆఖరి రోజు సీరియల్లో పెళ్లి," అన్నాడు జివోయిన్. "పాట సరిగ్గా వినబడటం లేదని దేసంకా మంచం దిగింది. తనే నడిచెళ్లి సౌండు పెంచింది. పెంచి, అక్కడే నాతో రెండడుగులు ఆడింది కూడా."

ఇల్లు జరిగినా, నావ దారి తప్పినా ఎవరికీ పట్టలేదు. ఈ మాటకి మాత్రం అందరూ తలలు దించుకున్నారు.

"నమ్మరా? నువ్వు చెప్పు స్మిల్యా, నువ్వూ ఉన్నావుగా."

అవునని అనేద్దామనే స్మిల్యా నోరు తెరిచింది. అక్క మీద అబద్ధం ఆమె నోట రాలేదు.

"అక్క లేవలేదు బావా. టీవీ కూడా వెలగలేదు."

జివోయిన్ ముఖం పాలిపోయింది. స్మిల్యాకి కళ్లనీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు.

"మా ఇంటి టీవీ తెచ్చి పెడతానన్నాను. అక్కే వద్దంది. 'ఆ సీరియల్లో రోజూ ఎవరో ఒకరు చస్తూనే ఉంటారే. మీ బావ చెప్పేదాంట్లో ఎవరూ చావడం లేదు, నాకు అదే కావాలి' అంది."

ఎవరినీ మాట పూర్తి చేయనివ్వని మనిషి గ్లాసు బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

స్మిల్యా కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, అక్క అన్న మాట మళ్లీ మొదటినుంచి చెప్పింది.