మేకలదొడ్డిలో మాగిన కండె

సికెలో నోరు తెరిచాడంటే అరుగు మీదవాళ్ళు లేచి వెళ్ళరు, ఇంకో లోటా తోబ్వా పోయించుకుంటారు. పులిసిన మొక్కజొన్న జావ తాగుతూ అతని కోతలు వినడం ఆ కొండ ఊళ్ళో అన్ని పనుల్లోకీ సుఖమైన పని. కానీ ఆ మధ్యాహ్నం సికెలో కోతలు కోస్తున్నది సరదాకి కాదు. ఎదురుగా పీట మీద కూర్చున్నది జింబిరి మామ, సికెలో పెళ్ళాం తియామికెకి మేనమామ.

ఆ ఊళ్ళో అల్లుళ్ళంతా ఇల్లరికమే. చేలు ఆడవాళ్ళవి, మాట మేనమామది. పెళ్ళాన్ని తన ఊరికి తీసుకుపోవాలంటే మేనమామ సరే అనాలి. సికెలోది సరస్సు ఒడ్డు. అన్నలు పడవలో అతని చోటు ఇంకా ఖాళీగానే ఉంచారు. కొండ మీద కాపురానికి వచ్చినప్పట్నుంచీ అతనికి నీళ్ళ మీదే బెంగ. కిందటేడు ధైర్యం చేసి అడిగితే జింబిరి మామ ఒకటే మాటన్నాడు. "నీ చేత్తో పండించి, నీ చేత్తో మాగేసిన గంజాయి కండె ఒకటి తెచ్చి నాకు చూపించు. చేతిలో పనున్నవాడు మా పిల్లని ఎక్కడైనా పోషించుకుంటాడు. అప్పుడు చూద్దాం."

మనలో మన మాట, సికెలో చేసింది చెప్పుకోదగ్గ పనేం కాదు. గంజాయి మొగ్గల్ని మొక్కజొన్న పొత్తు రేకుల్లో చుట్టి, నారతో బిగించి, అత్తగారి మేకలదొడ్డిలో వెచ్చటి ఎరువు కింద పాతిపెట్టాడు. పెట్టి మర్చిపోయాడు. తియామికె గుర్తు చేస్తే పరుగెత్తుకెళ్ళి తవ్వాడు. మాగిందో కుళ్ళిందో విప్పి చూసే ధైర్యం లేక, అలాగే తెచ్చి అత్తగారి వంటపాక చూరులో పొగ తగిలేలా వేలాడదీశాడు.

ఈ పొద్దున దాన్ని తీయబోతే పాకలో అత్తగారు నబాండ ఉంది. అల్లుడు అత్త మొహం చూడకూడదు, అత్త అల్లుడి పేరు పలకకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అందుకని మొహం అటు తిప్పుకుని, గోడ మీదుగా చెయ్యి పెట్టి తడిమి, అందిన మూట పట్టుకొచ్చాడు.

ఇప్పుడు ఆ మూట అరుగు మీద విప్పి ఉంది. నలిపితే పొడైపోయే నల్లటి ఆకు. జింబిరి మామ తన గొట్టంలో కాస్త కూరుకుని, ఒక్క దమ్ము లాగి, గొట్టం ఒళ్ళో పెట్టుకున్నాడు. బావమరిది లమేకి, పక్కింటి ఇల్లరికపు అల్లుడు జూజె చెరో చుట్టా చుట్టుకున్నారు. మామ ఏమీ అనకపోయేసరికి సికెలో గుండె జారింది. గుండె జారినప్పుడల్లా అతని నోరు లేస్తుంది.

"మామా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. కావాలంటే లమేకిని అడగండి."

"అడగకు మామయ్యా," అన్నాడు లమేకి.

"ఏదో మా నాన్న చేసినట్టే చేశా. చిన్న కండె, అరచేతి పొడుగు. దొడ్డిలో పాతిపెట్టి ఇంటికొచ్చి పడుకున్నా. పొద్దున్నే లేచి చూద్దును గదా, మేకలన్నీ ఆ కుప్ప చుట్టూ కూర్చున్నాయి. ఒక్కటీ అరవదు. మన మేకలు మామా, మీకు తెలీనిదేముంది, తలుపు చప్పుడైతే ఊరు లేపుతాయి. పోతుమేకైతే మేత మానేసి కొండకేసి చూస్తోంది. ఏంట్రా అని అదిలిస్తే నాకేసి తిరిగి ఒక చూపు చూసింది. మా తాత పంచాయితీలో తీర్పు చెప్పేముందు అచ్చం అలాగే చూసేవాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తీర్పు చెప్పిందా?" అన్నాడు లమేకి.

"చెప్పలేదు, వాయిదా వేసింది. అది చూశాక నాకు అనుమానమొచ్చి, తవ్వి, పైన రేకు ఒక్కటి, ఒకే ఒక్కటి, గోటితో పక్కకి తీశా. వాసన బయల్దేరింది. కొండ దిగింది, పత్తిచేలు దాటింది, సరస్సు చేరింది. పడవల్లో వాళ్ళు వలలొదిలేసి ముక్కులెత్తుకుని ఒడ్డుకొచ్చేశారట, మా అన్నలే చెప్పారు. మనుషులు రావడం ఒక లెక్కా? తెల్లారేసరికి దొడ్డి దగ్గర ఏముందనుకున్నారు? నీటిగుర్రం."

"సరస్సు నుంచి ఇంతదూరం ఎలా వచ్చింది?" అన్నాడు జూజె.

"నడిచి. బస్సులో ఎక్కించుకోరుగా. వచ్చి, కంచె మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని ఇంత పొడుగు ఊపిరి తీస్తోంది. నాకు భయమెయ్యలేదు మామా, జాలేసింది. సరే, అంతదూరం వచ్చినదాన్ని ఊరికే పంపడమెందుకని మెడకి తాడేసి చేలోకి తోలుకుపోయా. అది నడుస్తుంటే కడుపు నేలకి రాసుకుని, రెండు పక్కలా మట్టి లేచి, బోదెలు వాటంతటవే పడిపోయాయి. పార పట్టుకున్న పాపాన పోలేదు. అత్తగారి చేను, మీ చేను, చర్చివాళ్ళ చేను, మధ్యాహ్నానికల్లా పూర్తి."

"మా చేలో బోదెలేవి మరి?" అన్నాడు లమేకి.

"మొన్న వానకి కొట్టుకుపోయాయి. నీటిగుర్రం వేసిన బోదెలు నీళ్ళు చూస్తే ఆగుతాయా బావా?"

జూజె కళ్ళు అరమోడ్చి తల ఊపాడు. "ఏమన్నా అనండి, సరుకు గట్టిదే. నాకు పాదాలు అరుగుకి ఆనడం లేదు."

తడిక అవతల వంటపాకలో ఆడవాళ్ళెవరో పకపకా నవ్వారు. ఎవరూ పట్టించుకోలేదు. జింబిరి మామ గొట్టాన్ని అరుగు అంచుకేసి తట్టి లోపలిదంతా దులిపేశాడు. సికెలో అది చూశాడు. పడవలో తన చోట్లో ఇంకెవరో కూర్చున్నట్టు కనిపించింది అతనికి. ఇక ఆగితే లాభం లేదనుకున్నాడు.

"నీటిగుర్రం చిన్న సంగతి మామా. ఆ సాయంత్రం మబ్బు దిగింది. దిగి, దొడ్డి కప్పు మీద కూర్చుంది. కప్పు వంగిపోయింది, ఇప్పుడు కూడా చూసుకోవచ్చు."

"అది మా నాన్న కట్టినప్పుడే వంగింది," అన్నాడు లమేకి.

"అప్పుడు కొంచెం వంగింది, మిగతాది మబ్బు బరువు. పోనీలే పాపమని నేనొక దమ్ము లాగి పైకి ఊదా. మబ్బు పీల్చుకుంది. పీల్చుకుని, కురవాలన్న సంగతే మర్చిపోయి, తనలో తను నవ్వుకుంటూ పక్క ఊరి మీదకి పోయి పడుకుంది. ఎండాకాలమంతా వాళ్ళకి నీడే. ఇంకోటి చెప్పనా, చేలో పెద్ద చెదపుట్ట లేదూ, దాని పక్కన కూర్చుని ఊదుతుంటే, 'బాబూ, కాస్త ఇటు కూడా' అంది. నా కండె తగిలిందంటే పుట్ట మాట్లాడుతుంది, బండ మాట్లాడుతుంది, నోరు లేనివాడు పాట కడతాడు."

లమేకి చుట్ట నోట్లోంచి తీశాడు. "పుట్టలూ బండలూ ఎందుకు బావా. పెళ్ళై ఇన్నేళ్ళైంది, మా అమ్మ చేత నీతో ఒక్క ముక్క మాట్లాడించు. మీ సామాను నేనే నెత్తిన పెట్టుకుని సరస్సు దాకా దింపొస్తా."

అరుగంతా నవ్వింది. సికెలో కూడా నవ్వాడు, చేసేదేముంది.

"సికెలో," అని పిలిచారెవరో.

తడిక పక్కకి జరిగి ఉంది. గుమ్మంలో నబాండ నిలబడి ఉంది. తలగుడ్డ ఒక చెవి మీదకి జారింది. చేతిలో గరిటె. అల్లుడి మొహంలోకి తిన్నగా చూస్తోంది. సికెలో గభాలున రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"చెయ్యి తియ్యి నాయనా. ఎంత బాగుంది నీ మొహం, ఇన్నేళ్ళూ చూసుకోనిచ్చారు కాదు," అంది. అని కాసేపు ఏం చెప్పడానికి వచ్చిందో గుర్తు తెచ్చుకుంది. "నా బొబ్బరాకు ఇచ్చెయ్యి."

"ఏ బొబ్బరాకే అమ్మా?" అన్నాడు లమేకి.

"వానాకాలం కోసి, ఎండబెట్టి, పొత్తు రేకుల్లో చుట్టి చూరులో కట్టుకున్నది. అదిగో, నువ్వు చుట్ట చుట్టుకుని కాలుస్తున్నావే, అది. అన్నయ్య వచ్చాడని రెండో మూట దించి, వేరుశనగ పొడేసి కూర వండా. వాసన తేడాగా ఉంటే ఎండుచేపల పక్కన ఉందిగా అనుకున్నా. ఉప్పు చాలిందా అని చూశా. చూశాక, చాలిందో లేదో మర్చిపోయా. మళ్ళీ చూశా. పక్కింటామె కూడా చూసింది. పొద్దున్నుంచీ ఇద్దరం ఉప్పే చూస్తున్నాం." ఇక నిలబడలేక గుమ్మంలోనే కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

జూజె మెల్లగా వంగి తన పాదాలు చూసుకున్నాడు. రెండూ అరుగు మీదే ఉన్నాయి.

"నాకు మొదటి దమ్ముకే తెలిసింది, బొబ్బరాకని," అన్నాడు జింబిరి మామ.

"మరి చెప్పలేదేం మామయ్యా?" అన్నాడు లమేకి. అతని చేతిలో చుట్ట ఎక్కడ పారెయ్యాలో అతనికి తెలియడం లేదు.

"ఆ మేక వాయిదా సంగతి తేలుతుందేమోనని చూశా. ఏదీ, ఆ కూరగిన్నె ఇలా పట్టుకురా."

గిన్నె వచ్చింది. ముసలాయన రెండు వేళ్ళతో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"కుళ్ళలేదు. బూజు పట్టలేదు. లోపలిదాకా సమంగా మాగింది. మా మేనమామ పోయాక ఇలాంటి కండె నేను చూళ్ళేదు," అన్నాడు మామ. చెల్లెలి వైపు గడ్డంతో సైగ చేశాడు. "పైగా, వాడన్నట్టే, దాన్ని మాట్లాడించింది కూడానూ."

సికెలో ఒక్క గెంతులో పీట దగ్గరికి వచ్చాడు. "అయితే మామా, మేమిద్దరం సరస్సుకి..."

"సరస్సా? ఇంత పనితనం ఉన్నవాణ్ణి కొండ దాటిస్తే రేపు ఊళ్ళోవాళ్ళు నన్ను బతకనిస్తారా? వచ్చే పంటకి నా కండెలన్నీ నువ్వే మాగెయ్యాలి. మా తమ్ముళ్ళవి కూడా. నువ్వెక్కడికీ పోవడం లేదు అల్లుడూ."

సికెలో మొహం పాలిపోయింది. అన్నల పడవ అతన్ని ఒడ్డునే వదిలేసి వెళ్ళిపోతున్నట్టుంది. అప్పుడతను పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని ఒకటి చేశాడు.

"మామా, ఒట్టు. నాకేం రాదు. అది పాతిపెట్టి మర్చిపోయా. తియామికె గుర్తు చెయ్యకపోతే ఇంకా ఆ ఎరువులోనే ఉండేది. మేకల వేడికి దానంతటదే మాగింది. ఎలా మాగిందో నాకు తెలీదు, మళ్ళీ చెయ్యమంటే నా వల్ల కాదు."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. లమేకి జూజె వైపు చూశాడు, జూజె మామ వైపు చూశాడు, మామ తల అడ్డంగా ఊపాడు.

నబాండ గరిటె చాచింది.

"కోతలు చాలు నాయనా," అంది ప్రేమగా. "వచ్చి ఉప్పు చూడు."