పిండితే రసం, కాస్తే సారు

"తాతా, చూడు వీళ్ళను. సముద్రం ఒడ్డున కూర్చొని, చిప్ప తెరిచి, లోపలుండేదాన్ని పచ్చిగానే మింగుతాండారు. నిమ్మకాయ పిండుకుంటే ఏం కాదంట. కాలేజీ నుంచి మేమంతా గోవాకు పోతాండాం గదా, నేనూ ఒకటి తిని చూడొచ్చునా?"

ఏదీ, ఆ ఫోను ఇట్లా ఇయ్యి. కొంచెం దూరం పట్టుకో, దగ్గరుంటే నాకు కనపడదు. ఆ... అబ్బ, ఎట్లా జారిపోతాంది చూడు గొంతులోకి! చాల్లే పాపా, ఆపు.

తినద్దు అని ఒక్క మాటలో చెప్పేస్తే నువ్వు వింటావా? వినవు. మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే, ఎందుకు అని అడక్కుండా ఒక్క పనీ చేసేది కాదు. నాకూ ఊరికే వద్దనే అలవాటు లేదు. అందుకని ఒక ముచ్చట చెప్తా, విని నువ్వే తేల్చుకో.

మనకు సముద్రం యాడిది? మనకుండేదంతా ఎల్లెల్సీ కాలువ. తుంగభద్ర నీళ్ళు వచ్చే కాలువ. ఆ కాలువ కింద వరిమళ్ళు, మళ్ళ గట్లలో ఎండ్రకాయలు. కోస్తావాళ్ళు పీతలంటారే, అవే. మా అక్క ఉండె గదా, గట్టుమీద బొక్క చూస్తానే చెప్పేది, ఇది ఎండ్రకాయదా, పాముదా అని. తడిమన్ను ఉండలుండలుగా బయటికి నెట్టింటే ఎండ్రకాయ. నాకు చెయ్యి పెట్టాలంటే ఒణుకు. "ఏమిరా, సదువుకునేటోని ఏల్లకు ఇలువ జాస్తినా?" అని నవ్వేది. ఆమెను గూడూరికి ఇచ్చి పెండ్లి చేసినాక మా ఇంట్లో ఎండ్రకాయ సారు వాసనే లేకపాయ. అప్పుడు వాటికి ధర అనేదే లేదు, పట్టుకున్నోనిదే. ఇప్పుడు ఎమ్మిగనూరు సంతలో గంప ముందర కూర్చున్నామె చెప్పే ధర వింటే నాకే ఎండ్రకాయ కరిచినట్టుంటాది.

యాడికో పోయినా. ఏం చెప్తాంటి? ఆ, నరసమ్మ.

నందవరం దగ్గర నేను ఆఖర్న బడిపంతులుగా పనిచేసిన ఊర్లో, మన బాడుగింటికి ఎదురిల్లు ఆమెది. మీ అవ్వకు బాగా స్నేహం. కూలి చేసుకునే మనిషి, మొగుడు ఎప్పుడో పోయినాడు. ఒక్కడే కొడుకు, ఈరన్న. కోడలు బసమ్మ, హాలహర్వి పిల్ల, మాటలో సగం కన్నడం. అత్తాకోడండ్లు అంటే కొట్లాటే అనుకుంటారు గానీ వీళ్ళిద్దరూ ఒకే గంపలో రొట్టెలు పెట్టుకోని చేనికి పోయేవాళ్ళు. బసమ్మకు కాన్పయింది, మొగపిల్లోడు. పుట్టింట్లో కొన్నాళ్ళుండి బిడ్డనెత్తుకోని అత్తగారింటికి వచ్చేసింది. ఆ చలికాలంలోనే ఈరన్న సుగ్గికి పోయినాడు. సుగ్గి అంటే తెలుసు గదా, ఈడ పని లేనప్పుడు గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయేది.

చలికి ఆ బాలింతకు జలుబు చేసింది. జలుబు దగ్గయింది. ఈరన్న ఆడ్నుంచి ఫోను చేసి, "అమ్మా, ఈడ మా రైతు వాళ్ళమ్మ నెల్లూరామె. ఎండ్రకాయ రసం తాపితే దగ్గు పోతాదని చెప్తాండాది. తాపు" అన్నాడు. ఎట్లా చేయల్లనో చెప్పలేదు. రసం చేయడం మా అమ్మకు తెలీదా అనుకున్నాడో ఏమో, పాపం.

ఈడే చూడు పాపా, ముచ్చటంతా ఈడే ఉంది. ఆ నెల్లూరామె రసమంటే, మనం సారు అంటామే, ఆ చారు. మిరియాలు, ఎల్లిపాయ, చింతపండు వేసి బాగా తెర్ల కాచేది. మన పల్లెల్లో రసమంటే? నిమ్మరసం, చెరుకురసం, వేపాకు రసం. అన్నీ పిండేవే. పొయ్యి మొహం చూసింది ఒక్కటీ లేదు.

నరసమ్మ పొద్దున్నే కాలువ గట్టుకు పోయి మంచి ఎండ్రకాయలు ఏరుకోనొచ్చింది. ఎన్ని నీళ్ళతో కడిగింది! కాళ్ళు తుంచి, రోట్లో ఎల్లిపాయ, ఉప్పు వేసి దంచి, పెట్టెలో నుంచి ఉతికిన తెల్ల పంచె తీసి, అందులో వడగట్టి, మీద నిమ్మకాయ పిండింది. ఇంత శుద్ధంగా చేసిన మందు ఇంకోటి ఉండదనుకునింది.

"అత్తా, నీసు వాసన. వాంతికొస్తాది."

"కండ్లు మూసుకోని మింగు. పిల్లోడు నీ పాలు తాగల్ల గదా, నీకు దగ్గు పోవల్ల."

మింగింది. రోజూ పరగడుపున కొన్నాళ్ళు తాగింది. దగ్గు పోయింది!

పోయింది పాపా, అదే మోసం. జలుబు దగ్గు, ఏం తాగకపోయినా పోయేదే. కానీ నరసమ్మ వీధంతా చెప్పుకునింది. "మా కోడలు సూడు ఎట్లుందో, ఎండ్రకాయ రసం మహిమ" అని. మీ అవ్వ కూడా, "నాకూ ఒక లోటా ఇయ్యి నరసమ్మా, మా ఆయప్ప రాత్రంతా దగ్గుతాడు" అని అడిగింది. నా అదృష్టం, అప్పటికి కాలువలో నీళ్ళు నిలిపేసినారు, ఎండ్రకాయలు దొరకలా.

తర్వాత ఎండాకాలం పోయింది. వానలు పడినాక బసమ్మకు మళ్ళీ దగ్గు. ఈసారి ఎర్రమన్ను నీళ్ళ మాదిరి కఫం. రొమ్ములో నొప్పి. మనిషి చిక్కిపోయింది. టౌన్లో చూపిస్తే ఎక్స్‌రేలో మచ్చ ఉందన్నారు. కఫంలో టీబీ పురుగు కనపడలేదు గానీ, మచ్చ చూసి, రక్తం చూసి, టీబీ మాత్రలు మొదలుపెట్టినారు. వాళ్ళను తప్పు పట్టేదానికి లేదు. రక్తం పడే దగ్గంటే మన దేశంలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అదే గదా.

అయితే ఇంట్లో ఏం జరిగిందంటే, బిడ్డ. ఆసుపత్రోళ్ళు బిడ్డను దూరం పంపమని చెప్పలేదు, మూతికి గుడ్డ కట్టుకోమన్నారు, అంతే. కానీ వీధిలో ఒకామె ఒకటి, ఇంకొకామె ఇంకొకటి అని భయపెట్టినారు, చివరికి బసమ్మ వాళ్ళమ్మ వచ్చి పిల్లోణ్ణి హాలహర్వికి ఎత్తుకోని పోయింది. బసమ్మ అడ్డం చెప్పలేదు. తననుంచి బిడ్డకు అంటుకుంటే ఎట్లా అని ఆ పిల్లకే ఎక్కువ భయం.

బస్సెక్కించి వచ్చినాక ఆ పొద్దంతా పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయిందంట. మీ అవ్వతో చెప్పుకోని ఏడ్చింది. తర్వాత్తర్వాత ఫోన్లో చూసేది బిడ్డను. వాడికి ఫోనంటే తినేదనుకోని నాకేవాడు. ఈడ ఈ పిల్ల నవ్వేది, ఏడ్చేది. ఒకసారి నేను అరుగు మీద పేపరు చదువుకుంటాంటే దగ్గరికి రాకుండా, వాళ్ళ గడప కాడనే నిలబడి అడిగింది. "సారూ, ఈ మాత్రలు అయిపోతే నా పిల్లోడు నాకాడికొస్తాడు గదా?"

వస్తాడమ్మా అన్నా. ఇంకేం చెప్పేది?

మాత్రలు మింగుతానే ఉంది, కఫం ఎర్రగా పడతానే ఉంది. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ఈరన్న అప్పుడు బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. నాకు ఫోను చేసి, "సారూ, నేనొచ్చేలోపల నువ్వు తోడు పో, ఆడోళ్ళిద్దరూ ఆడ బెదిరిపోతారు" అన్నాడు. పోయినా. ఎమ్మిగనూరు బస్టాండులో ఉగ్గాని తిందాం రాండని పిలిస్తే నరసమ్మ, "నా బిడ్డ సంగతి తేలనీ సారూ" అని నీళ్ళు కూడా ముట్టలేదు. బిడ్డంటే కోడలే, తెలిసిందా.

కర్నూల్లో డాక్టరమ్మ చిన్న వయసామె, ఓర్పు ఉంది. రక్తం పరీక్ష కాగితం చూసి చూసి, "బసమ్మా, పీతలు పచ్చివి గానీ, సగం కాలినవి గానీ ఎప్పుడైనా తిన్నావా?" అనడిగింది.

బసమ్మ నా దిక్కు చూసింది. "అవేమి సారూ?"

"ఎండ్రకాయలమ్మా" అన్నా.

"అయ్యో, పచ్చివి ఎవరు తింటారు మేడం! ఉడకబెట్టినవే తింటాం మేము. పచ్చివి తినలేదు."

అబద్ధం కాదు పాపా. తినడం వేరే, మందు తాగడం వేరే, ఆ పిల్ల లెక్కలో. డాక్టరమ్మ సరేనని తల ఊపి ఇంకేదో అడగబోయింది. నరసమ్మ వాకిలి కాడ గోడకానుకోని నేలమీద కూర్చోనింది. ఆడ్నుంచే మెల్లగా అంది. "తినలేదమ్మా. తాగింది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏం తాగింది?"

"ఎండ్రకాయ రసం. నేనే తాపినా. దగ్గుకు."

"కాచి ఇచ్చినావా అమ్మా?"

"కాచేదేంది? కాస్తే అది సారు గదా. రసమంటే పిండేది."

ఆ మాట అంటాంటేనే ఆ ముసలామె గొంతు తగ్గిపోయింది. ఎవరూ ఏం చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఒక్క మాట గదమాయించలేదు. లేచి పోయి ఆమె పక్కన వంగి, "నువ్వు చెప్పినావు కాబట్టి నాకు దారి దొరికింది పెద్దమ్మా" అంది. మళ్ళీ కఫం తీయించి, ఈసారి వేరే దానికోసం వెతికించింది. దొరికింది. గుడ్లు. ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టే పురుగంట అది. దాని పిల్లలు నీళ్ళలో ఉండే నత్తలో పెరిగి, ఆడ్నుంచి ఎండ్రకాయలోకి చేరి కూర్చుంటాయి. కంటికి కనపడవు. ఎన్ని నీళ్ళతో కడుగు, ఎంత ఉప్పెయ్యి, ఎన్ని నిమ్మకాయలు పిండు, వాటికి లెక్క లేదు. లోపలిదాకా బాగా ఉడికితేనే చచ్చేది. దంచిన రోటికి, పట్టుకున్న చేతికి అంటుకున్నా గూడా జబ్బు రావచ్చంట. ఇవన్నీ బొమ్మ గీసి చెప్పింది. నాకైతే ఆ కాగితం బడికి తీసుకోని పోదామనిపించింది, మళ్ళీ రిటైరయినానని గుర్తొచ్చింది.

బసమ్మకు ఇవేవీ పట్టలేదు. ఒకటే అడిగింది. "మేడం, ఇది నా పిల్లోనికి అంటుకుంటాదా?"

"అంటుకోదమ్మా. దగ్గినా, పాలిచ్చినా, ముద్దు పెట్టుకున్నా అంటుకోదు."

ఆ పిల్ల ఆడనే, అందరి ముందర, కుర్చీలోనే ముడుచుకోని ఏడ్చింది.

టీబీ మాత్రలు ఆపించి, ఆ పురుగుకు వేరే మాత్రలు ఇచ్చినారు, కొద్ది రోజులవే. ఊరికొచ్చినాక కఫంలో ఎరుపు పోయింది. మెల్లగా అన్నం రుచించింది. కానీ నరసమ్మ మాట్లాడ్డం మానేసింది. వంట కూడా కోడలికే ఇడిచిపెట్టింది. మీ అవ్వ పోయి, "తెలీక చేస్తివి నరసమ్మా, ప్రేమతో చేస్తివి" అంటే, "ప్రేమతో చేసినా గాబట్టే లోటా నిండా పోసినా" అంది.

పిల్లోణ్ణి తీసుకోనొచ్చిన పొద్దు మేమూ పోయినాం. బసమ్మ కొత్త చీర కట్టుకోని వాకిట్లో చేతులు చాపింది. వాడు రాలే. వాళ్ళ అమ్మమ్మ కొంగు పట్టుకోని గుక్కపట్టి ఏడ్చినాడు. ఫోన్లో కనపడే బొమ్మ ఇట్లా మనిషై వస్తే వానికేం తెలుసు? బసమ్మ గుంజుకోలేదు. చేతులు దించి, వీధిలోకి చూసింది. నరసమ్మ లోపలికి రాకుండా మా అరుగు కాడ నిలబడుంది, పరాయోళ్ళ మాదిరి.

"అత్తా! ఆడేం నిలబడితివి? నీళ్ళు కాగినాయి. పిల్లోనికి పోద్దువు రా."

"నా చేతుల్తోనా?"

"ఇంకెవరి చేతుల్తో? నాకు వాణ్ణి కాళ్ళమీద వేసుకోవాలంటే ఇంకా సత్తువ లేదు. రా, నీళ్ళు సల్లారిపోతాయి."

నరసమ్మ వచ్చింది. చేతులు కడుక్కునింది. కడుక్కోని మళ్ళీ కడుక్కునింది. కాళ్ళు చాపుకోని బండమీద కూర్చుని, బిడ్డను బోర్లా వేసుకోని, వీపు మీద నూనె రాసింది. వాడు అరిచిన అరుపులకు వీధి వీధంతా తలుపులు తీసింది! ఆమె ఒళ్ళు రుద్దుతానే ఉంది, కండ్లలో నీళ్ళు వాని వీపు మీదనే పడతాండాయి, వేన్నీళ్ళల్లో కలిసి పోతాండాయి. చివరి చెంబు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, "ఇంద బసమ్మా" అని పైకెత్తి ఇచ్చింది.

నీళ్ళు పోసినాక పసిపిల్లోళ్ళు ఎట్లుంటారో నీకు తెలీదు, నీ కాలం వచ్చినప్పుడు తెలుస్తాది. ఏడ్చే ఓపిక కూడా ఉండదు. ఎవరెత్తుకునేదీ చూసుకోరు. వాడట్లనే తల్లి భుజం మీద తల వాల్చినాడు, ఒకసారి వెక్కినాడు, నిద్రపోయినాడు. బసమ్మ కదల్లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. అట్లనే నిలబడి, అట్లనే...

ఆ... సరే పాపా. నువ్వడిగిన సముద్రపు చిప్పల సంగతి. వాటిలో ఈ పురుగు లేకపోవచ్చు, కానీ వాటి జబ్బులు వాటికున్నాయి. నీళ్ళను వడగట్టుకోని బతికే ప్రాణులవి, ఆ నీళ్ళలో మురుగు కలిసిందంటే అదీ వాటి కడుపులోనే. వాంతులు, విరేచనాలు, కామెర్లు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తాది. చూసేదానికి శుద్ధంగానే ఉంటాయి, నరసమ్మ పంచె మాదిరి.

గోవాకు పో. నీళ్ళలో ఆడుకోండి, ఫొటోలు దిగండి, చేపలు, రొయ్యలు, చిప్పలు ఏమైనా తినండి, పొయ్యి మీద బాగా ఉడికి పొగలు కక్కుతాంటేనే తినండి. స్నేహితులు నవ్వితే నవ్వనీ, మా తాత ఒట్టి పిరికోడని నా మీదికి నెట్టెయ్యి, నేనేమనుకోను. పోయి రా తల్లీ, నీ కడుపు చల్లగుండ. నీతో పాటు వచ్చే పిల్లోళ్ళందరి కడుపులూ చల్లగుండ.