లేచానోచ్ గుడ్డ

వచ్చినవాళ్ళందరికీ దండం. మెట్లు దిగలేక ఇళ్ళలోనే ఉండిపోయినవాళ్ళకీ దండం. మన టైలరమ్మ పోయి రెండు వారాలైంది. నేను ఆమె ఎదురింటి మేస్త్రిని. గోడలు కట్టినవాణ్ణి, మాటలు కట్టడం చేతకాదు. నాలుగు ముక్కలు రాసుకొచ్చాను, నా రాత నాకే అర్థం కావడం లేదు. తప్పులుంటే సర్దుకోండి.

ఆమె సంగతి మీకు నేను చెప్పాలా? ఒంటరి ముసలివాళ్ళు ఇంట్లో జారిపడకూడదని, ఆమే ముసలిదై ఉండి, స్నానాల గదుల గోడలకి పట్టుకునే పిడులు బిగించింది. మా ఇంటికి మెడలో టేపు, చేతిలో డ్రిల్లు మిషనుతో వచ్చింది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నేను కట్టిన గోడకి నువ్వు కన్నం పెడతావా అన్నాను. "గోడ పడదులే మేస్త్రన్నా, పడేది నువ్వు" అంది. నా చంక కిందనుంచి దూరి లోపలికి పోయింది. ఆరునెలలు ఆ పిడి మీద తువ్వాలు ఆరేసుకున్నాను. ఏడో నెలలో సబ్బునీళ్ళలో కాలు జారింది. ఏది పట్టుకుని నిలబడ్డానో చెప్పాలా? ఆమెకి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పొగరు.

నా ప్యాంట్లన్నీ లాక్కుపోయి అంచులు కత్తిరించింది, కాలికి అడ్డం పడుతున్నాయని. "నలభై ఏళ్ళు జనం అందంగా కనపడాలని కుట్టాను, ఇప్పుడు పళ్ళూడకుండా ఉండాలని కత్తిరిస్తున్నా" అంది. పొట్టి ప్యాంటుతో బజారుకెళ్ళడం నాకు నామోషీ. తిట్టాను. తిట్టినా కుట్టింది.

ఇంక ఆ గుడ్డ సంగతి. తన ఇంటితో కలిపి, ఒంటరివాళ్ళున్న పదిహేడిళ్ళకీ పసుపు గుడ్డలు కుట్టిచ్చింది, ఇంటికి రెండు, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి. పొద్దున లేవగానే తలుపు బయటి గొళ్ళేనికి కట్టాలి, రాత్రి పడుకునేముందు విప్పాలి. దాని పేరు "లేచానోచ్ గుడ్డ" అంది. ఎనిమిదింటికి మందుల షాపావిడ షాపు తెరవకముందే అందరిళ్ళ తాళంచెవుల గుత్తితో తిరిగేది. గుడ్డ ఉంటే ముందుకి పోవడం, లేకపోతే తలుపు కొట్టడం, పలక్కపోతే తాళం తీయడం. అంతే పద్ధతి. నేను రెండుసార్లు మరిచిపోతే టైలరమ్మ అందరి ముందూ కడిగేసింది. "ఏం మేస్త్రన్నా, లేచావా, పోయావా?" అంది. అందరూ నవ్వారు. నాకు కడుపు మండింది.

ఆ రోజు ఏడున్నరకి నేను తలుపు తీశాను. ఆమె గొళ్ళేనికి గుడ్డ లేదు.

వినండి. దయచేసి వినండి. నాకు సంతోషం వేసింది. చెప్పిన మనిషే మరిచిపోయింది అనుకున్నాను. నా రెండో గుడ్డ తెచ్చి ఆమె తలుపుకి కట్టాను. సాయంత్రం అందరి ముందూ చెప్పి పరువు తీద్దామని. ఏమని దెప్పాలో ఆ మాటే నోట్లో చప్పరిస్తూ కుర్చీలో కూర్చున్నాను. తలుపు అవతల, నన్ను మేస్త్రన్నా అని పిలిచే ఆ చెల్లెమ్మ వంటింటి నేల మీద తల పగిలి పడి ఉంది.

మందుల షాపావిడ వచ్చింది. గుడ్డ చూసింది. వెళ్ళిపోయింది. ఎందుకు ఆగుతుంది? మధ్యాహ్నం కుట్టుబట్టల కోసం వచ్చినవాళ్ళు చూశారు. పొద్దున్నే తెచ్చుంటే బతికేది అన్నాడు డాక్టరు.

బాబూ, టైలరమ్మ కొడుకువి నువ్వు, కబురు తెలిసి ఊరినుంచి వచ్చావు. "కళ్ళు నెత్తి మీద పెట్టుకుని తిరిగావా?" అని మందుల షాపావిణ్ణి అందరి ముందూ నిలదీశావు. రెండు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను నేను. తిట్టాల్సింది నన్ను. లేచి ఇప్పుడే తిట్టు. కొట్టినా సరే.

అమ్మా, మందుల షాపు తల్లీ, నువ్వు తాళంచెవులు తిరిగిచ్చేశావు. నీ తప్పు ఏముంది? నీ కళ్ళని మోసం చేసింది నేను. నువ్వు మానేసిన నాటినుంచి పదహారు తలుపుల ముందు ఎవరూ ఆగడం లేదు. రేపు ఎవరు పడిపోతారో? ఎవరికి తెలుస్తుంది? కాళ్ళు పట్టుకుంటాను, ఆ తాళంచెవులు మళ్ళీ తీసుకో. నన్ను నమ్మొద్దు. ఎవరి తలుపునీ నమ్మొద్దు. గుడ్డ ఉన్నా కొట్టు, పలికేదాకా కొట్టు.

ఇంకేం రాసుకోలేదు. ఇప్పుడు ఆమె కోసం అందరూ లేచి, రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. లేవలేనివాళ్ళకి పక్కవాళ్ళు చెయ్యి ఇవ్వండి. నా కాళ్ళు కూడా నిలవడం లేదు. ఈ పాపిష్టివాణ్ణి ముట్టుకోవాలని ఎవరికీ ఉండదు, తెలుసు. అయినా అడుగుతున్నాను. ఎవరైనా వచ్చి పట్టుకోండి.