లకి కొమ్మిస్తే లు

బడి వదిలేశారు. టీచర్ల గదిలో పొడుగుబల్లకి ఇటువైపు తొమ్మిదో తరగతి పిల్ల, ఇంట్లోనూ బళ్ళోనూ అందరూ పిడుగు అనే పిలుస్తారు. అటువైపు కవితల పాఠం చెప్పే టీచరు. మధ్యలో ఒక తెల్లకాగితం. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి పేర్చి నడుం వంగిన పిల్ల తాత ఇప్పుడే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. రెండు మాటల్లో తేలిపోయే వ్యవహారమని పెద్దవాళ్ళిద్దరి నమ్మకం. పిడుగు సంగతి వాళ్ళకింకా పూర్తిగా తెలియదు.

“రాయవన్నమాట.”

“రాయను టీచర్.”

“చూశారా తాతగారూ? మీ ముందే. గంట నుంచీ ఇదే వరస. తెల్లకాగితం తెల్లగానే ఉంది.”

“ఏం రాయమన్నారమ్మా?”

“నాలుగు ముక్కలు. ‘పరీక్షలో వెటకారంగా జవాబు రాసినందుకు క్షమించండి’ అని. రేపు ప్రార్థనప్పుడు అందరి ముందూ చదవాలి. చదివితే సరే. లేదంటే టీసీ చేతిలో పెట్టి పంపించేస్తామని హెడ్మాస్టరుగారు చెప్పేశారు. నా చేతుల్లో ఏమీ లేదు.”

“వెటకారం కాదు తాతా! నిజంగానే రాశాను.”

“నువ్వుండవే పిడుగూ. ఏం రాసిందమ్మా, అంత కొంప మునిగేలాగా?”

“మీరే చదవండి. ఇదిగో, నాలుగో ప్రశ్న.”

“కళ్ళజోడు తేలేదమ్మా.”

“నేను చదువుతా తాతా. ‘ఈ కవితలో తలుపు దేనికి ప్రతీక? వివరించండి.’ ఐదు మార్కులు. నా జవాబు: ‘దేనికీ కాదు. ఇది అచ్చుతప్పు. కవి రాసింది తలపు అయ్యుండాలి. అచ్చాఫీసులో లకి కొమ్ము తగిలి తలుపయింది. ఇన్నేళ్ళుగా మనం అచ్చుతప్పుకి అర్థాలు చెప్పుకుంటున్నాం.’ అంతే.”

“అంతేనట! ఆ అంతే తర్వాత ఏమైందో కూడా చెప్పు. నేను చెప్తానుండండి. సున్నా వేసి కాగితం చేతికిచ్చానా, లేచి నిలబడి ఇదంతా క్లాసు మొత్తానికీ గట్టిగా చదివి వినిపించింది. ఆ రోజు నుంచి నా మాట వినేవాడు లేడు. ఉపమ ఎక్కడుందిరా అంటే అచ్చుతప్పు టీచర్ అంటారు. రూపకం అంటే అచ్చుతప్పు. వెనక బెంచీవాడొకడు ‘ఈ ప్రశ్నే అచ్చుతప్పు’ అని రాసి ఖాళీ కాగితం ఇచ్చిపోయాడు.”

“హహ...”

“మీరు నవ్వుతున్నారా?”

“లేదమ్మా. దగ్గు.”

“మీరిలా దగ్గబట్టే పిల్లకి కొమ్ములొచ్చాయి.”

“కొమ్ము వచ్చింది లకి టీచర్. నాక్కాదు.”

“విన్నారా? మాటకి మాట!”

“ఒసే, టీచరమ్మని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే. దీని తప్పు కాదమ్మా, నాదే. చిన్నప్పుడు దీనికి చదువు నేర్పింది తప్పులు ఏరించే. పేపరు రాగానే ఎర్రపెన్సిలు చేతికిచ్చి, పది తప్పులు పట్టుకో, బిళ్ళలు కొనిపెడతాననేవాణ్ణి.”

“అదీ సంగతి. బిళ్ళలు దానికి, తిప్పలు నాకు.”

“అయినా నీకెందుకనిపించిందే, అచ్చుతప్పని?”

“మొత్తం కవిత విను తాతా.

‘ఏరు దాటిన పడవ మళ్ళీ వస్తుందో రాదో,
మబ్బు విడిచిన చినుకు మళ్ళీ ఎగురుతుందో లేదో,
నా తలుపు మాత్రం తెరిచే ఉంచాను.’

ఏరుంది. పడవుంది. మబ్బుంది, చినుకుంది. ఇల్లు లేదు. గోడ లేదు. గుమ్మమైనా లేదు. ఉన్నట్టుండి తలుపెక్కణ్ణుంచి ఊడిపడింది?”

“అదే కదమ్మా కవిత్వమంటే! అనుకోనిచోట పెట్టారు కాబట్టే తగులుతుంది. ఉపమ అయితే ‘దానిలాగా ఇది’ అని చెయ్యి పట్టుకుని చూపిస్తుంది. ప్రతీక ఏమీ చెప్పదు, ఊరికే నిలబడి ఉంటుంది. మనమే దగ్గరికెళ్ళి చూడాలి.”

“దగ్గరికెళ్ళే చూశాను టీచర్. కొమ్ము కనబడింది.”

“అబ్బబ్బా!”

“నిజం టీచర్. ఆయన మొదటి పుస్తకం మా ఇంట్లో ఉంది. అట్ట నుంచి అట్ట దాకా చదివాను. తలపు అన్న మాట పదిహేడు చోట్లుంది. తలపుల తోట, తలపుల తెర, తలపుల తెప్ప. తలుపు మాత్రం ఇదొక్కటే. అన్ని కవితలు రాసిన మనిషికి ఒక్కసారే తలుపు కనిపించిందా?”

“కవిగారు స్వయంగా చెప్పారమ్మా. నేను కాలేజీలో చదివేటప్పుడు సభకొచ్చి ఈ తలుపు గురించే గంటసేపు మాట్లాడారు. ‘ఆ తలుపు నా ఆత్మ’ అన్నారు.”

“తలుపు మీద గంటసేపా?”

“అవును తాతగారూ. చప్పట్లే చప్పట్లు.”

“బాగుంది.”

“అచ్చుతప్పు అంత బాగా కుదిరితే నేనూ నాదేనంటాను టీచర్.”

“నువ్వు నోరు మూసుకో. అవునూ, అంత పాత పుస్తకం మీ ఇంట్లో ఎందుకుంది?”

“తాత పనిచేసిన అచ్చాఫీసులోదే కాబట్టి. తాతే పేర్చాడు. చెప్పవేం తాతా?”

“మీరా?”

“నలభై ఏళ్ళ కిందటి మాటమ్మా. ఎన్నో పేర్చాం. కరపత్రాలు, లెక్కల పుస్తకాలు, సబ్బుబిళ్ళల కాగితాలు. అన్నీ గుర్తుండి చస్తాయా?”

“గుర్తుంది! సబ్బు కాగితాలు దాచావా అల్మైరాలో? ఆ పుస్తకం ఒక్కటే దాచావు. అచ్చుల పెట్టెలో ల గడి, లు గడి పక్కపక్కనే ఉంటాయని నువ్వే చెప్పావు. చెయ్యి ఒక్క గడి జరిగితే చాలన్నావు.”

“ఏదో మాటవరసకన్నాను. పెట్టె అన్నాక అన్ని గడులూ పక్కపక్కనే ఉంటాయి.”

“తప్పించుకుంటున్నాడు టీచర్. ఎప్పుడూ ఇంతే.”

“ఆగవే. తాతగారూ, నిజం చెప్పండి. అది అచ్చుతప్పా? పన్నెండేళ్ళుగా నేను పాఠం చెప్తున్న తలుపు... నాకేదోలా ఉందండీ. మా అన్నయ్య ఇంట్లోంచి వెళ్ళిపోయినప్పుడు నేను సరిగ్గా దీనంత ఉంటాను. మా అమ్మ రాత్రిళ్ళు తలుపు గడియ పెట్టేది కాదు. దొంగలొస్తారే అని నాన్న తిట్టేవారు. ఎందుకు పెట్టదో నాకు అర్థమయ్యేది కాదు. క్లాసులో ఈ ఒక్క లైనూ విన్నాను, అర్థమైపోయింది. ఆ రోజు బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఈ ఉద్యోగంలోకి వచ్చిందే అందుకు. అదంతా ఎవరి చెయ్యో జారడం వల్లనంటే ఎలాగండీ?”

“టీచర్.”

“ఏంటి?”

“మీకు తగిలింది కదా. నేను కాదన్లేదు. అచ్చుతప్పయినా తగలొచ్చు. కానీ మీ అమ్మగారి గడియ గురించి పరీక్షలో రాస్తే మార్కులిస్తారా? ఇవ్వరు. ‘తలుపు ఆశకు ప్రతీక’ అని గైడులో ఉన్నది దింపితే ఐదుకి ఐదు. క్లాసులో నలభైమందీ అదే దింపారు. నేనొక్కదాన్నే కవిత చదివి రాశాను. నాకు సున్నా. పైగా నేనే క్షమాపణ చెప్పాలా?”

“అలా కాదు...”

“ఎవరు చదివితే వాళ్ళ అర్థం అని మీరే చెప్పారు.”

“ఆధారం ఉండాలని కూడా చెప్పాను.”

“ఏరు, పడవ, మబ్బు, చినుకు. నాలుగున్నాయి నా దగ్గర. గైడులో ఒక్కటి చూపించండి.”

“సరేనమ్మా, సరే. నీతో వాదించి నెగ్గడం నా వల్ల కాదు. తాతగారూ, నాకొక దారి తోస్తోంది. అక్షరాలు పేర్చింది మీరే కాబట్టి ‘ఈ తప్పు నా వల్ల జరిగింది’ అని ఈ కాగితం మీద ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. తీసుకెళ్ళి హెడ్మాస్టరుగారి ముందు పెడతాను. క్షమాపణ ఉండదు, టీసీ ఉండదు. ఐదుకి ఐదూ నేనే వేస్తాను.”

“తాతా! అయిపోయింది! రాసెయ్. ఇదిగో పెన్ను.”

“రాయను.”

“ఏంటీ?”

“రాయనే పిడుగూ.”

“ఇదేం చోద్యమండీ? మీ ఇంట్లో అందరికీ ఇదే జబ్బా?”

“టీచరమ్మా, ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశాను. తప్పులు చెయ్యలేదనను. ఒకసారి ఎవరో పెద్దమనిషి పేరు తలకిందులుగా పడితే వాళ్ళింటికెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. తప్పు ఒప్పుకోడానికి నాకు నామోషీ లేదు. ఇది మాత్రం తప్పని రాయను.”

“నా చదువు పోతుంది తాతా!”

“పోనివ్వను. ఎవరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ ముక్క మాత్రం రాయమనకు.”

“ఎందుకు రాయరు మీరు?”

“తప్పయితే కదమ్మా. ఆయన చేత్తో రాసిచ్చిన కాగితంలో తలపే ఉంది. పిల్ల సరిగ్గానే పట్టుకుంది. ల చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ గడిలో పడేసి లు తీశాను.”

“కావాలనా?”

“కావాలనే.”

“కవిగారి కవితని మీరు మార్చేశారా? ఎవర్నీ అడక్కుండా?”

“మార్చాను. తలపు తెరిచి ఉంచడమేమిటమ్మా, తలపుకి గడియుంటుందా? ప్రూఫులు ఆయనకే పంపాను. చూశారు, దిద్దలేదు. పైగా గంటసేపు మాట్లాడారని మీరే అంటున్నారు.”

“అంటే నేను చెప్పిందే నిజం! అది ప్రతీకే!”

“కాదమ్మా. తలుపే. మా ఇంటి వీధి తలుపు.”

“మరి నా జవాబు? తప్పేనా తాతా?”

“తప్పే తల్లీ. నీదీ తప్పే, టీచరమ్మదీ తప్పే. కానీ ఆ తలుపెక్కడిదని ఇన్నేళ్ళలో అడిగింది నువ్వొక్కదానివి. పండితులడగలేదు, సభల్లో చప్పట్లు కొట్టినవాళ్ళడగలేదు. అడిగిన పాపానికి నా మనవరాలు నలుగురి ముందూ తలొంచుకుని నిలబడితే నేను చూస్తూ ఊరుకోను. హెడ్మాస్టరుగారి గది ఎటమ్మా? నేను మాట్లాడతాను.”

“కూర్చోండి. మీరు కూర్చోండి తాతగారూ. ఆయనతో నేనే మాట్లాడుకుంటాను. ఏం చేస్తారో చేసుకోనివ్వండి. ఏదే ఆ తెల్లకాగితం? ఇలా ఇవ్వు. చించేస్తున్నాను, చూశావుగా. ఈ సున్నా కూడా కొట్టేస్తున్నాను. దాని బదులు ఎంత వెయ్యాలో మాత్రం తెలియడం లేదు.”

“మూడు వెయ్యండి టీచర్.”

“తప్పని తేలాక కూడానా?”

“చదివినందుకు.”

“నీకు దణ్ణం పెడతాను, పుస్తకాలు సర్దుకో. తాతగారూ, అడగకూడదేమో... ఆ తలుపు ఎవరి కోసం?”

“ఆ పుస్తకం పేర్చిన నెల్లోనే వీళ్ళ నాయనమ్మ వెళ్ళిపోయిందమ్మా. వీళ్ళ నాన్నకి మూడేళ్ళు అప్పటికి.”

“అయ్యో. తెలియక అడిగాను.”

“నేనైతే చూడనేలేదు టీచర్. ఇంట్లో ఫోటో అయినా లేదు. జ్వరం తగిలి పోయిందట.”

“జ్వరమని ఎవరన్నారే?”

“నాన్న. కానీ తాతా, చచ్చిపోయిన మనిషి కోసం తలుపు తెరిచి పెట్టుకోవడమేంటి? చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారా?”

“రారు.”

“మరి?”

“మీ నాన్నకైనా నీకైనా నేను వెళ్ళిపోయిందనే చెప్పానే. చచ్చిపోయిందని అర్థం చెప్పుకున్నది మీరు.”