లేయా కథకు ఆఖరి ఫారం

అది కాదు గంగప్పన్నా, వెనక అట్ట మీద అంత పెద్ద ఫోటో ఏంటికి? ఇరవై మూడేండ్ల పిల్ల! చెయ్యి గడ్డం కింద పెట్టుకోని, ఆకాశంలోంచి కథలు రాల్తా ఉన్నట్టు ఆ చూపొకటి. మా కాలంలో పుస్తకం రాసినోళ్ళ మొహం ఎట్లుంటుందో చదివేవాళ్ళకు తెలిసేదే కాదు.

వద్దులే, కాఫీ వద్దు. సరే, బై టూ చెప్పు, చెరి సగం తాగుదాం.

కె.ఆర్.పురం నుంచి మెట్రోలో నిలబడే వచ్చినా. మెజెస్టిక్‌లో దిగి ఈ కాటన్‌పేటలో నీ ప్రెస్సు దాకా ఎండలో నడిచినా. నీతో ఒక మాట చెప్పాల. మిషను చప్పుడులో అరిచి చెప్పే మాట కాదు, తలుపు కొంచెం దగ్గరికేయి.

ఇప్పుడు ఎన్నో ఫారం ఎక్కించినారు? పద్దెనిమిదా? అంటే ఆఖరి పదహారు పేజీల ఫారం ఒకటే ఉండాది. మధ్యాహ్నం భోజనాలు అయినాకనా? సరే. అయితే టైముంది.

ఏం లేదు, సుమ్మనే, ఊరికే అడిగినా.

మా సంఘంలో ఏమంటా ఉండారో తెలుసా? "భారతి టీచర్, మీ క్లాసు పిల్ల అక్షర పుస్తకం రాసిందంటనే!" అందరూ నాకు చెప్పేవాళ్ళే, నాకు తెలియనట్టు. పాస్టరుగారు మైకులో చెప్పినారు, పై ఆదివారం ఆరాధన అయినాక పుస్తకానికి ప్రార్థన చేసి విడుదల అని. సండే స్కూలు పిల్లలకు తలా ఒకటి ఇస్తారంట. ఇరవై ఆరేండ్లు ఆ సండే స్కూలు నడిపింది ఎవరు? నా పేరు మైకులో ఎప్పుడైనా వచ్చిందా? వచ్చిందిలే, ఒకసారి. క్రిస్మస్ నాటకంలో గొర్రెలకు దూది అంటించినోళ్ళల్లో.

కుళ్ళు అంటావా? అనుకో. నేను కాదన్నానా?

నువ్వు అచ్చేస్తావే గానీ చదవవు. కథ చెప్తా విను. బైబిల్లో లాబాను అని ఒకాయన. ఇద్దరు కూతుర్లు. పెద్దది లేయా, చిన్నది రాహేలు. చిన్నది అందగత్తె. పెద్దదానికి కండ్లు మంచివి కావు. అంతే, దాని రూపం గురించి రాసింది ఆ ఒక్క ముక్కే. యాకోబు అనేవాడు చిన్నదాన్ని బావికాడ చూసినాడు. దానికోసరం వాళ్ళ నాయన దగ్గర ఏడేండ్లు గొర్రెలు కాసినాడు. పెండ్లి అయింది. తెల్లారి చూస్తే, ముసుగులో ఉండేది పెద్దది! నాయనే మార్చేసినాడు.

నవ్వుతావేమన్నా? అందరూ ఇక్కడ నవ్వేవాళ్ళే. ఆ పొద్దున యాకోబు మొహం చూసి లేయా ఏమనుకోనింటుందో ఎవరన్నా అడిగినారా?

ఈ పిల్ల అడిగింది. అడిగి, దాన్ని మాయల కథ చేసింది. దాని లేయాకు పదహారేండ్లు. పగలు మనుషులే సరిగ్గా కనపడరు గానీ, వాళ్ళ కలలు కనపడతాయంట. ఎవురు ఏం కల కంటే అది వాళ్ళ తలమీద పొగ మాదిరి లేస్తుందంట. తోడేండ్లు వచ్చి ఆమెతో మాట్లాడి పోతాయంట. యాకోబు కలలో నిచ్చెన చూసినాడని బైబిల్లో ఉండాది. ఆకాశందాకా నిచ్చెన, దేవదూతలు ఎక్కతా దిగతా ఉండారు. ఇందులో ఆ నిచ్చెన మొదటి మెట్టు మీద లేయా కాలు పెడుతుంది! ఆయన కలలోకే పోయి!

అబ్బా, ఎట్ల తట్టిందో దానికి. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏంటికా? ఆ లేయాను దానికిచ్చింది నేనన్నా! నేను!

దానికప్పుడు తొమ్మిదేండ్లు. ఇంత లావు కండ్లద్దాలు. మొగపిల్లోళ్ళు సోడాబుడ్డీ అని పిలిచేవాళ్ళు. ఆ ఆదివారం పాఠం లేయాది. చదవతానే ఒకడు లేచి "అక్షరే లేయా" అనేసినాడు. క్లాసంతా గలాటా. ఇది పోయి చెప్పులు విడిచే చోట గోడకు తిరిగి కూచోని ఏడస్తా ఉంది. నేను పక్కన కూచోని చెప్పినా, "లేయా కండ్లు జబ్బువి కాదు బంగారూ, మనకు కనపడనివి చూసే కండ్లు. ఊరోళ్ళ కలలన్నీ ఆమెకు కనపడేవి" అని. బైబిల్లో యాడుంది ఆ మాట? లేదు. నా నోటికొచ్చింది, చెప్పినా. వాక్యానికి లేనిది కలిపినానే అని ఇంటికిపోయి మోకాళ్ళ మీద క్షమాపణ కూడా అడిగినా.

ఇంకోటి చెప్తా. ఈ ఊర్లో పుట్టిన మన పిల్లోళ్ళకు బడిలో కన్నడం, ఇంగ్లీషు. తెలుగు చదివేది యాడ నేర్చుకుంటారు? నా దగ్గర. వారం వారం కంఠత వాక్యం చెప్పాల కదా, దానికోసరం అక్షరాలు నేర్పాల. దీని చెయ్యి పట్టుకోని నేనే దిద్దించినా. "ఖ" రాదు దానికి, మూడు నెలలు రాలేదు. ఆ చేత్తో మూడు వందల పేజీలు రాసింది.

నేనూ రాస్తా ఉండానన్నా.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఉన్నప్పుడు ఆయనకు కూడా చెప్పలేదు. లేయా కథే. పదకొండేండ్ల నుంచి. మూడు నోటుబుక్కులు అయినాయి. మూడింటిలోనూ నలభై పేజీలు దాటలేదు. పెండ్లి తెల్లారి దాకా వస్తాను, యాకోబు ముసుగు తీస్తాడు, ఆడికి ఆగిపోతుంది. ఆమె చేత ఏం మాట్లాడించాలో నాకు తెలియదు. మళ్ళా మొదటికొస్తాను.

ఇట్లుండగా ఇది వచ్చింది, పోయిన నెల. లాప్‌టాప్ సంచి తగిలించుకోని, ఆఫీసు కార్డు మెడలోనే ఉండాది. "టీచర్, నేను లేయా మీద నవల రాసినా. మీరే దిద్దాల. మీరు చూస్తే చాలు, నేను మళ్ళా చూడను, నమ్మకం" అని కాగితాల కట్ట ఒళ్ళో పెట్టింది. నా ఒళ్ళోనే! దాని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపినా. ఏం ప్రార్థన చేసినానో అడగొద్దు.

తప్పులు వెతికినా. ఎంత వెతికినానో నీకేం తెలుసు! ఒత్తు పోయిన చోటంతా నాకు పండగ. బైబిలుకు దూరంగా పోయిన చోటంతా అడ్డంగా గీత. చదవతా చదవతా, ఆరో అధ్యాయం కాడ చూసుకుంటే నా ఎర్రపెన్ను మూత పెట్టే ఉండాది. ఒక గంటసేపు దిద్దేదే మర్చిపోయినా. బాగుందన్నా. అదే నా బేజారు. బాగాలేకుంటే మనసారా దీవించి ఉందును.

ముందు పేజీలో నా పేరు చూసినానా అంటావా? చూసినాలే. "తెలుగు అక్షరాలు నేర్పిన భారతి టీచర్‌కు." అక్షరాలంట! లేయాను ఇచ్చింది ఎవరు? ఉండబట్టలేక అడిగినా. "లేయాకు కలలు కనపడతాయని నీకెట్ల తోచింది పాపా?" అని. ఏమనిందో తెలుసా? "ఏమో టీచర్, చిన్నప్పటి నుంచి నాకు అట్లే తెలుసు" అనింది. అబద్ధం కాదన్నా. ఆ మొహంలో అబద్ధం లేదు. నిజంగానే మర్చిపోయింది. ఆ చెప్పుల కాడ కూచున్న నన్ను మర్చిపోయింది, మాట మాత్రం ఉంచుకుంది.

దొంగతనమైతే పోట్లాడొచ్చు. దీనికేం చేసేది?

ఏం చేసేదా... చేసినాలే. అది చెప్పేదానికే వచ్చినా.

ముందే చెప్తా, కావ్యను కోప్పడొద్దు. ఆ పిల్ల కంప్యూటర్లో కొట్టింది అంతే, దానికేమీ తెలియదు. పోయిన శుక్రవారం ఆఖరి ప్రూఫు తెచ్చిచ్చినా కదా. చివరి ఎనిమిది పేజీలకూ అడ్డంగా గీత కొట్టి, వేరే కాగితాలు గుండుసూదితో గుచ్చి. కావ్య అడిగింది, "ఇదంతా మారిందా టీచర్?" అని. "రాసినామే మార్చింది" అన్నా. ఈ నోటితో. కింద నా సంతకం పెట్టినా. మా పాటల పుస్తకం, సంఘం కేలండరు, సావు కార్డులు, పెండ్లి కార్డులు, ఇరవై ఏండ్లుగా నా సంతకం ఉంటే మీరు ఇంగెవర్నీ అడగరు. అది తెలిసే పెట్టినా.

కాఫీ చల్లారిపోతా ఉండాది, తాగు. నన్నట్ల చూడొద్దు.

అక్షర రాసిన ముగింపు చెప్తా. పెండ్లి రాత్రి లేయా ముసుగేసుకోని కూచోని ఉంటుంది. తెల్లారేదాకా ఆగదు. తానే ముసుగు తీసేసి, "నేను లేయాను. నీ కలలో నేను లేను, వెతికి చూసినా" అంటుంది. అని, లేచిపోయి చెల్లెల్ని నిద్రలేపుతుంది. అక్కాచెల్లెండ్లు చెయ్యి పట్టుకోని ఆ నిచ్చెన ఎక్కి పోతారు. యాకోబు కిందనే ముసుగు చేతిలో పట్టుకోని కూచోని ఉంటాడు. నేను పదకొండేండ్లు ఎవరో ముసుగు తీస్తారని కాచుకోని ఉండా. ఇది రెండు వాక్యాల్లో లేయా చేతే తీయించేసింది!

మరి నాదా?

నేను రాహేలును బావిలో తోయించినా. లేయా చేతనే. చెల్లెలి కలలోకి పోయి, కలలోనే చెయ్యి పట్టుకోని నడిపించి, బావి అంచుకు తెచ్చి, తోసేస్తుంది. తెల్లారి యాకోబు "రాహేలు యాడ?" అంటే "నేనే రాహేలును" అంటుంది. అంతే. కథ అయిపోయింది.

అవునన్నా, పిల్లోళ్ళు చదివే పుస్తకమే. నా క్లాసులో పిల్లోళ్ళకే పంచేది. అది తెలియకనా? పాస్టరుగారు చదివి ఛీ అనాల, తల్లిదండ్రులు పుస్తకం తెచ్చి దాని మొహాన కొట్టాల, మైకులో ఇంగ దాని పేరు రాకూడదు. అదే అనుకున్నా. అనుకోని రాసినా.

ఎంత హాయిగా ఉండిందో తెలుసా రాస్తా ఉంటే! మూడు నోటుబుక్కుల్లో కదలని కథ, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అన్నం కూడా తినలేదు. బావిలో పడేదాని మొహం నాకు బాగా కనపడింది. కండ్లద్దాలు పెట్టుకోని ఉంది. రాహేలుకు కండ్లద్దాలు యాడివన్నా? అప్పుడు తెలిసింది నేను తోసింది ఎవర్నో. తెలిసినా ఆపలేదు. శుభ్రంగా తిరగరాసి తెచ్చి మీ కావ్య చేతిలో పెట్టినా.

నిన్న ఫోన్ చేసింది అది. "టీచర్, ఆఖరి అధ్యాయం ఎట్లుంది? అదొక్కటే నాకు భయం. ఇంట్లో కూడా ఎవరికీ చూపించలేదు, మీకే" అనింది. నేనేమన్నా? "బాగుంది పాపా" అన్నా. నిజమే కదా చెప్పినా! "మీరు బాగుందంటే ఇంగ చాలు టీచర్" అని పెట్టేసింది. అందుకే ఈ పొద్దు ఇట్ల వచ్చినా. మారుమనసు అనుకునేవు, అంత లేదు. ప్రూఫు మీద నా సంతకం ఉండాది కదా, బయటపడితే ఏ మొహంతో క్లాసులో నిలబడేది? అదీ ఉండాది, ఇదీ ఉండాది. ఏది ఎంతో నాకు తెలియదు.

ఉండు, యాడికి లేస్తా ఉండావ్? మిషను కాడుండే శ్రీనివాసులుకు చెప్పేదానికా? ఆపాల, ఆపమనే వచ్చినా. పాత పేజీలు కావ్య దగ్గర ఉంటాయి, ఆ ఫారం ప్లేటు మళ్ళా చేయించు. పిల్ల రాసింది రాసినట్టే పోనీ. దానికి నేనే చెప్తా. చెప్తానన్నా, ఒట్టు. నువ్వు ముందుబడి ఫోన్ చేయొద్దు, నా నోటితోనే వినాల అది.

కానీ అన్నా, ఒక్క మాట. కూచో ఒక నిమిషం.

నా ప్లేటు తయారుగానే ఉండాది కదా? దాన్ని పారేసేముందు, మిషను ఒక్కసారి తిప్పమను. ఒక్క కాగితం. రెండోది వద్దు.

తప్పే. తప్పని నాకు చెప్పాల్నా? యాభై నాలుగేండ్లు వచ్చినాయి. ఊరోళ్ళ రాతలన్నీ దిద్దినా, నేను రాసింది ఒక్క ముక్క అచ్చులో చూసుకోలేదు. ఎట్లాంటిదైనా కానీ, పాడుదైనా కానీ, అది నాది. ఎవరికీ చూపించను. కండ్లారా చూసుకోని, ఈడ్నే నీ ముందరే చింపేస్తా.

చింపుతాననే చెప్తా ఉండా కదా. అట్ల చూడొద్దు గంగప్పన్నా, నిజంగా చింపుతానా అని మాత్రం అడగొద్దు. పో, పోయి ఒక్కటి తీసుకోనిరా.